కుండ పట్టినవాడు

ఈశ్వరప్ప శనివారం నాడు పోయాడు. ఇంకొక్క రోజు ఆగి ఆదివారం పోయివుంటే గౌతమికి ఈ కథే లేకుండా పోయేది. చావుకు మంచి రోజూ చెడ్డ రోజూ ఉంటాయా అని చదువుకున్నవాళ్లు అడగవచ్చు. ధర్మవరం దగ్గరి ఆ పల్లెలో అడిగితే పసిపిల్లలు కూడా జవాబు చెబుతారు. శనివారం శవం ఒంటరిగా పోదు, పొద్దు గూకేలోగా సాగనంపకపోతే వీధిలో ఇంకొకరిని తోడడుగుతుంది.

పోవడం కూడా ఎవరికీ తెలియకుండా పోయాడు. పొద్దున్నే గుంట మగ్గం మీద కూర్చున్నాడు. కుడిపక్కన భార్య రామాంజినమ్మ కూర్చుంది. చీర ఒంటిది ఒక రంగూ అంచుది ఒక రంగూ అయితే మగ్గం మీద ఇద్దరు కావాలి. ఒకరు నేస్తుంటే పక్కనున్నవాళ్లు అంచు దారం మోసే నాడె అందించాలి. పెళ్లయిన నాటినుంచి ఆ ఇద్దరూ అట్లాగే పక్కపక్కన కూర్చుని నేశారు. పిల్లల్లేరు. ఆ లోటు గురించి మాట్లాడుకోవడానికి కూడా వాళ్లకు తీరిక చిక్కేది కాదు. ఆ పొద్దున మొగుడి చెయ్యి ఆగిపోయేసరికి, మళ్లీ కునుకు తీస్తున్నాడని రామాంజినమ్మ మోచేత్తో పొడిచింది. అర్ధరాత్రి దాకా టీవీ చూస్తే ఇంతే మరి అని తిట్టింది కూడా. ఆయన గోడకు ఆనుకుని అట్లాగే ఉన్నాడు. తిట్టిన ఆ తిట్టును తలచుకునే ఆమె ఆ పగలంతా ఏడ్చింది.

గౌతమికి ఈశ్వరప్ప పెద్దనాయన. ఆమె నాయన చంద్రమోహన్‌కు తోడబుట్టిన అన్న. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఈ ఇంట్లో కూర నచ్చకపోతే ఆ ఇంటికి పోయి కంచం ముందు కూర్చునే పిల్ల గౌతమి. పందొమ్మిదేళ్లు, ధర్మవరంలో డిగ్రీ రెండో సంవత్సరం, నోరు కాస్త ఎక్కువ. మనసులో మాట మనసులో ఉంచుకోవడం ఆమెకు చిన్నప్పటినుంచీ చేతకాదు.

ఇక మారుతి సంగతి. మేనత్త సుబ్బలక్ష్మమ్మకు రెండో కొడుకు, గౌతమికి బావ. తండ్రి చిన్నప్పుడే పోతే మేనమామ ఈశ్వరప్పే తెచ్చి పెట్టుకుని ఐటీఐ దాకా చదివించాడు. మగ్గం పనీ నేర్పాడు. చెయ్యి తిరిగింది గానీ ఆ కుర్రవాడికి మగ్గమంటే గిట్టలేదు. కాళ్లు గుంటలో పెట్టుకుని బతకడం నా వల్ల కాదు మామా అని చెప్పేసి, పెనుకొండ పక్కన కార్ల ఫ్యాక్టరీలో చేరాడు. ఈశ్వరప్ప అడ్డు చెప్పలేదు. ఎక్కడున్నా నీ కడుపు నిండితే చాలన్నాడు.

గౌతమికీ మారుతికీ పెళ్లని ఉయ్యాల నాడే అనుకున్నారు. అట్లా అనుకున్న జంటలు చాలావరకు మీసాలొచ్చే వయసుకు ఒకరినొకరు చూసి ముఖం తిప్పుకుంటారు. వీళ్లకు అట్లా కాలేదు. పెద్దవాళ్లు ఒప్పుకున్న ప్రేమలో రుచేముందే అని కాలేజీలో స్నేహితురాలు సునంద ఎగతాళి చేసేది. దాచిపెట్టుకుని తింటేనే బెల్లం తీపా అని గౌతమి తిరిగి అడిగేది. వారపు సెలవు నాడు మారుతి బైకు మీద కాలేజీ గేటు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. పెనుకొండ బేకరీలో కొన్న పఫ్‌లు దారి పొడుగునా నలిగి, పొట్లం విప్పేసరికి పొడి మాత్రమే మిగిలేది. ఆ పొడినే ఇద్దరూ పంచుకుని తినేవాళ్లు. పెళ్లయ్యాక పెనుకొండలో మిద్దె మీద ఒక గది తీసుకోవాలని, కిటికీ తెరిస్తే కొండ కనిపించాలని, ఆమె బీఎడ్ చేయాలని మాట్లాడుకునేవాళ్లు. ఇంట్లో మగ్గం మాత్రం ఉండకూడదని గౌతమి షరతు. దాన్నుంచి పారిపోయి వచ్చినవాణ్ణే కదా, నాకు ప్రత్యేకంగా చెప్పాలా అని మారుతి నవ్వేవాడు.

ఆ శనివారం నాడు చంద్రమోహన్ బెంగళూరులో ఉన్నాడు. దుకాణానికి చీరలు ఇచ్చి రావడానికి ముందురోజే పోయాడు. ఫోన్ చేయగానే ఏడుస్తూ బస్సెక్కాడు. పిల్లల్లేని అన్నకు తమ్ముడే కుండ పట్టాలి, అందులో ఎవరికీ రెండో మాట లేదు. కాష్ఠం పేర్చారు, పాడె కట్టారు, బంధువులందరూ వచ్చారు. చంద్రమోహన్ మాత్రం రాలేదు. బాగేపల్లి దాటాక బస్సు చెడిపోయిందని ఒకసారి ఫోన్ వచ్చింది. తర్వాత చేస్తే ఫోన్ పలకలేదు. ఛార్జింగ్ అయిపోయిందని ఎవరికి తెలుసు? ఇదిగో వస్తాడు, అదిగో వస్తాడు అంటుండగానే నీడలు గోడ దాటి వీధిలోకి పాకాయి. శనివారమని ఒకరికొకరు గుర్తుచేసుకోవడం మొదలుపెట్టారు.

చివరికి చిన్నప్ప ముందుకు వచ్చాడు. ఈశ్వరప్పకు దాయాది. మోరీ నీళ్ల దగ్గర తగవు పడి ఏళ్లతరబడి ఈ ఇంటితో మాటల్లేవు. తమ్ముడు లేనప్పుడు తానే పట్టాలి కదా అని కండువా నడుముకు చుట్టుకున్నాడు. పాపం, మంచి మనసుతోనే వచ్చాడు. రామాంజినమ్మ శవం మీద అడ్డంగా పడింది.

"వాని చేతి అగ్గి నా మొగునికి వద్దు. ఇట్లే పండుకోనీండి. నేనూ పక్కన పండుకుంటా" అంది.

ఆడవాళ్లు లేపబోతే లేవలేదు. మగవాళ్లు పొద్దు వైపు చూశారు. అప్పుడు గౌతమికి పాడె తలాపున నిలబడ్డ మారుతి కనిపించాడు. ముందు బొంగు భుజానికెత్తుకోవడానికి తువ్వాలు మడత వేసుకుంటున్నాడు. ఆమెకు ఆ క్షణంలో ఆలోచనంటూ ఏమీ లేదు. పెద్దమ్మ ఏడుపు ఆగాలి, అంతే.

"బావా, నువ్వు పట్టు" అంది.

మారుతి ఆమె ముఖంలోకి చూశాడు. "నేనా?" అన్నాడు.

"నువ్వే. పెద్దనాయనకు నువ్వు గాక ఇంగెవరుండారు?"

తండ్రి లేనివాడే కదా, పట్టవచ్చునని ఎవరో అన్నారు. మారుతి తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. కొళాయి కింద కూర్చుని నీళ్లు పోసుకున్నాడు. తడి పంచెతో వచ్చి నిప్పుకుండ ఎత్తుకున్నాడు. రామాంజినమ్మ తనంతట తానే లేచి శవాన్ని వదిలింది. వీధిలో అందరికంటే పెద్దదైన రామక్క ఆమె తల నిమిరింది.

"ఏడవద్దు రామాంజినీ. కుండ పట్టినోడే కొడుకు. నీకి కొడుకొచ్చినాడనుకో" అంది.

నిజమే, నిజమే అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. సుబ్బలక్ష్మమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూ అన్నది. గౌతమికైతే గర్వంతో గుండె నిండింది. ఇంటర్‌లో లెక్కల్లో ఊరందరికంటే మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల, ఈ చిన్న లెక్క వేసుకోలేదు. మారుతి ఆ ఇంటికి కొడుకైతే తనకు ఏమవుతాడు?

చంద్రమోహన్ చీకటి పడ్డాక ఇటుకల లారీలో దిగాడు. అప్పటికి కాష్ఠం కూలిపోయి నిప్పులు మాత్రమే ఉన్నాయి. వాటి ముందు కూలబడి, నన్నొక్క గంట ఆపలేకపోయినావా అన్నా అని ఏడ్చాడు.

పెద్దదినం నాడు మారుతి గుండు చేయించుకున్నాడు. కులపెద్ద లక్ష్మన్న అతని తలకు కొత్త తువ్వాలు చుట్టాడు. ఇంటి వారసుడికి చేసే మర్యాద అది. భోజనాలయ్యాక సుబ్బలక్ష్మమ్మ అందరి ముందూ మాట ఎత్తింది. ఇంట్లో పెద్దదిక్కు పోయిన ఏడాదిలోపు ఆడపిల్ల పెళ్లి చేస్తే పోయినవాళ్లకు పుణ్యమంటారు కదా, పిల్ల డిగ్రీ కోసం చూడకుండా వీళ్లిద్దరికీ ముడి వేసేద్దామంది. లక్ష్మన్న తమలపాకుకు సున్నం రాస్తున్నవాడు ఆగాడు.

"ఏ ఇద్దరికీ?" అన్నాడు.

"మా మారుతికీ, గౌతమికీ."

"కుండ పట్టె, గుండు కొట్టిచ్చుకునె, తలకు గుడ్డ కట్టిచ్చుకునె. ఇంగ వాడు ఈశ్వరప్ప కొడుకు. అన్నదమ్ముల పిల్లలకు పెండ్లి యాడన్నా ఉండాదా సుబ్బక్కా?"

లక్ష్మన్న చెడ్డవాడు కాదు. ఆయన గొంతులో కోపం కూడా లేదు. పొద్దు తూర్పున పొడుస్తుందని చెప్పినంత మామూలుగా చెప్పాడు, అందుకే ఎదురు మాట్లాడటానికి ఎవరికీ పట్టు దొరకలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు అందరూ ఆలోచించడం మొదలుపెట్టారు. ఆ పూట ఎవరికీ తోచలేదే అన్నారు. చిన్నప్పే పట్టివుంటే పోయేదన్నారు. తలుపు వెనక నిలబడి విన్న గౌతమికి మొదట నవ్వొచ్చింది. ఇంత పిచ్చి మాట ఎక్కడైనా ఉంటుందా అనుకుంది. తర్వాత నాయన ముఖం చూసింది. ఆయన నవ్వడం లేదు.

ఏడాదిపాటు దీపం పెట్టడానికి కొడుకు ఆ ఇంట్లోనే ఉండాలన్నారు. మారుతి ఆ ఇంటినుంచే ఫ్యాక్టరీకి పోయి రావడం మొదలుపెట్టాడు. మగ్గం మీద ఈశ్వరప్ప సగం నేసి వదిలిన చీర అట్లాగే ఉంది. చనిపోయినవాడి చీరను మధ్యలో కోయకూడదు, కొడుకే పూర్తి చేయాలి. మగ్గం గిట్టదన్నవాడు మళ్లీ గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. రామాంజినమ్మ కుడిపక్కన కూర్చుని అంచు నాడె అందించింది. ఆ చీర అయిపోయింది. అయినా సెలవు దొరికినప్పుడల్లా ఇంకొక చీర మీద కూర్చుంటూనే వచ్చాడు, అతను కూర్చోకపోతే ఆమె ఒక్కతే ఆ పక్కన ఖాళీగా కూర్చుని ఉండేది గనక. మొగుడు పోయాక పొయ్యి వెలిగించడం మానేసిన మనిషి, డ్యూటీ నుంచి వచ్చే పిల్లవాడి కోసం మళ్లీ రాగిసంకటి కెలకడం మొదలుపెట్టింది. అతను తింటే తాను తినేది.

ఒక్కటి మాత్రం మారుతి చేయలేదు. ఆమెను అమ్మా అని పిలవలేదు. ఆమెకు ఆ పిలుపు మీద ఎంత ఆశ ఉందో వీధిలో అందరికీ తెలుసు. అయినా అతను ఎప్పటిలాగే అత్తా అనే పిలిచాడు. అది తన కోసమేనని గౌతమికి తెలుసు. గోడ అవతలినుంచి అత్తా అన్న పిలుపు వినిపిస్తే ఆమెకు ఆ పూట అన్నం సయించేది.

ఆ నెలల్లో గౌతమికి ఒక జబ్బు పట్టుకుంది. బస్సు చెడిపోని లోకంలో ఇంకొక గౌతమి ఉందని ఊహించుకునేది. ఆ లోకంలో నాయన వేళకు దిగాడు. కుండ నాయన పట్టాడు. ఆ ఇంకొక గౌతమి ఇప్పుడు పెనుకొండలో మిద్దె మీద గది ఊడుస్తోంది. క్లాసులో లెక్చరర్ బోర్డు మీద ఏదో రాస్తుంటే, ఈ గౌతమి ఆ గౌతమిని చూస్తూ కూర్చునేది. దాని మీద ఎంత ఈర్ష్య పుట్టేదంటే, ఒకరోజు సునంద భుజం పట్టి కుదిపేదాకా తాను ఏడుస్తున్నట్టు కూడా ఆమెకు తెలియలేదు.

రిజిస్టర్ పెళ్లి చేసుకోండి, చట్టానికి కుండల గొడవ తెలియదు అని సునంద సలహా ఇచ్చింది. తప్పు సలహా కాదు. గౌతమి ఆ మాట మారుతికి చెప్పింది. అతను బైకు అద్దం తుడుస్తూ విన్నాడు. తర్వాత, చేసుకుందాం, కానీ పారిపోయి కాదు, పారిపోతే అత్త ముఖం మళ్లీ ఎట్లా చూడాలి అన్నాడు. అడిగే చేసుకుందామన్నాడు. అప్పుడు గౌతమికి అతని మీద కోపం వచ్చింది, ప్రేమా వచ్చింది.

చంద్రమోహన్ ఊరుకోలేదు. ఆలస్యంగా వచ్చిన పాపం తనదేనని ఆయన నమ్మకం. లక్ష్మన్న ఇంటి గడప అరిగేలా తిరిగాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గానీ, ఈ పూజారి చివరికి మెత్తబడ్డాడు. ఒక దారి ఉందన్నాడు. ఏడాది తిరిగి సంవత్సరీకం పెట్టేలోపు, రామాంజినమ్మ నలుగురిలో నిలబడి మారుతి తన కొడుకు కాదని చెప్పాలి. తమ్ముడు అందుబాటులో లేక మేనల్లుడుగా కుండ పట్టాడని ఒప్పుకోవాలి. సంవత్సరీకం నాడు పిండం చంద్రమోహన్ పెట్టాలి. అప్పుడు పాత వరసే నిలుస్తుంది. అయితే ఆమెను ఎవరూ ఒత్తిడి చేయకూడదు, ఆమె ఇష్టంతో ఆమె నోటితో రావాలని గట్టిగా చెప్పాడు.

అడగడానికి గౌతమే పోయింది. ఇంట్లో ఎవరూ పొమ్మనలేదు. మారుతి డ్యూటీలో ఉన్న పూట చూసుకుని పోయింది. రామాంజినమ్మ మగ్గం పక్కన నేల మీద కూర్చుని నాడెలో పెట్టే కండెలకు దారం చుడుతోంది. గౌతమి ఎదురుగా కూర్చుంది. ఎన్ని రకాలుగా మొదలుపెట్టాలో ఆలోచించుకుని వచ్చింది గానీ, తీరా ఎదుట కూర్చున్నాక ఒక్కటీ గుర్తురాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది. బావ లేకపోతే నేను బతకలేను పెద్దమ్మా అని కూడా అంది.

రామాంజినమ్మ రాట్నం తిప్పుతూనే వింది. దారం తెగితే ముడి వేసింది.

"ఇంతేనా? దీనికి ఇన్ని దినాలు లోపల పెట్టుకుని తిరిగినావా?" అంది. "నా బంగారం. నా కోసం నీ బతుకు ఆగల్లనా? చెప్తాలే. ఏమని చెప్పల్లనో నేర్పీ."

గౌతమి నేర్పింది. మారుతి మా ఆడబిడ్డ కొడుకు, నా కొడుకు కాదు, మా ఇంటాయనకు మేనల్లుడుగానే కుండ పట్టినాడు. చిన్నప్పుడు గౌతమికి ఎక్కాలు చెప్పించిన మనిషి, ఇప్పుడు గౌతమి ముందు అట్లాగే ఒప్పజెప్పింది. నా కొడుకు కాదు అన్నచోట ఒకసారి తడబడింది. తప్పయిందని తనే మళ్లీ మొదటినుంచి చెప్పింది. గౌతమికి తలెత్తాలంటే సిగ్గేసింది. ఇంత సిగ్గులోనూ లోపల సంతోషం ఎగిరిపడుతోంది, దాన్ని ఆమె ఆపలేకపోయింది. ఇంటికి వచ్చి నాయనను గట్టిగా పట్టుకుంది.

సంవత్సరీకానికి ముందురోజు పొద్దున నలుగురూ రామాంజినమ్మ వాకిట్లో పందిరి కింద కూర్చున్నారు. లక్ష్మన్న మధ్యలో కూర్చున్నాడు. చిన్నప్ప వచ్చాడు, రామక్కను ఎవరో నడిపించుకొచ్చారు. సుబ్బలక్ష్మమ్మ మాట తెమలగానే తాంబూలాలు మార్చుకోవచ్చని పసుపు కుంకుమలు, పూలు, కొత్త చీర పళ్లెంలో సర్ది తెచ్చింది. గౌతమి తల్లి జ్యోతిలక్ష్మి కూతురికి తల దువ్వి కనకాంబరాలు పెట్టింది. మారుతి సెలవు పెట్టి వచ్చాడు. వాకిట్లోకి వస్తూ గౌతమి వైపు చూసి, ఎవరికీ కనపడకుండా కాస్త నవ్వాడు. ఏడాదిలో అతను అట్లా నవ్వడం అదే మొదలు. అతని జుట్టు ఒత్తుగా పెరిగిందని అప్పుడే గమనించింది గౌతమి.

రామాంజినమ్మ లోపలినుంచి వచ్చింది. తలస్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంది. గడప మీద నిలబడి ద్వారబంధం పట్టుకుంది. లక్ష్మన్న అడగాల్సింది అడిగాడు.

"మారుతి మా ఆడబిడ్డ కొడుకు" అని మొదలుపెట్టింది. "నా కొడుకు కాదు. మా ఇంటాయనకు మేనల్లుడుగానే కుండ పట్టినాడు."

ఎక్కడా తడబడలేదు. అక్కడితో ఆపివుంటే సరిపోయేది. చెప్పింది చాలదేమో, పిల్లల పెళ్లికి ఇంకా ఎక్కడైనా అడ్డం మిగిలిపోతుందేమో అని ఆ వెర్రితల్లికి భయమేసింది. ఎవరూ నేర్పని మాటలు తనే కలిపింది.

"వాడు ఈడ తిన్నింది, నేసింది, దీపం పెట్టింది, అంతా మేనల్లుడుగానే. నాకి కొడుకు ల్యాడు. నాకి ఎవురూ ల్యారు. రాసుకోండప్పా, ఎవురూ ల్యారు."

రాయడానికి అక్కడ కాగితమే లేదు. లక్ష్మన్న గొంతు సవరించుకుని, అయితే ఇంక... అని మొదలుపెట్టాడు. ఆయన మాట పూర్తి కాకముందే మారుతి లేచి నిలబడ్డాడు. పోయి రామాంజినమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకున్న ఆ వేళ్లను ఒక్కొక్కటే విడిపించాడు.

"అమ్మా, లోపలికి పోదాం పా" అన్నాడు.

"ఏమంటివప్పా?" అన్నాడు లక్ష్మన్న.

"అమ్మా అని పిలిచినా. కొడుకుగానే పట్టినా. రేపు పిండం నేనే పెడతా."

గౌతమి వైపు మాత్రం అతను చూడలేదు. చూస్తే నిలబడలేనని అతనికి తెలుసు. రామాంజినమ్మ వద్దురా, వద్దురా అంటూ అతని చేతులు తోస్తోంది. తోస్తూనే అతని చొక్కా పట్టుకుని వదలడం లేదు. సుబ్బలక్ష్మమ్మ పళ్లెం కింద పెట్టి కొంగు నోట్లో కుక్కుకుంది. చంద్రమోహన్ లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

లక్ష్మన్న గౌతమి వైపు తిరిగాడు. ఇన్నేళ్ల పెద్దరికంలో ఆడపిల్లను నలుగురిలో అడగడం ఆయనకు అలవాటు లేదు. ఆ రోజు అడిగాడు.

"నువ్వేమంటావు పాపా?"

గౌతమికి మారుతి మీద కోపం వచ్చింది. నన్నొక్క మాట అడిగినావా అని అరవాలనిపించింది. ఏడాదంతా ఎదురుచూసింది ఇందుకా అని అతని చొక్కా పట్టుకుని అడగాలనిపించింది. ఆమెకు ఇంకొకటి కూడా తెలుసు. ఇప్పుడు తాను ఒక్కసారి బావా అని పిలిస్తే చాలు, అతను ఆ చెయ్యి వదిలి వచ్చేస్తాడు. ఆమె చెప్పింది అతను ఎన్నడూ కాదనలేదు. వస్తాడు, పెనుకొండలో మిద్దె మీద గదీ వస్తుంది. ఆ గదిలో కూర్చుని, ఎవురూ ల్యారు అన్న మాటను ఇద్దరూ జీవితమంతా వింటారు. పిలుపు గొంతు దాకా వచ్చింది. గౌతమి దాన్ని మింగింది. మనసులో మాట మనసులో ఉంచుకోవడం ఆమెకు ఆ రోజే చేతనైంది.

"మా అన్న చెప్పినాడు కదా. ఇంగ నాదేముండాది" అంది.

రామక్క దేవుడా అని దండం పెట్టింది. వరస తేలిపోయిందన్నాడు లక్ష్మన్న, ఆ మాట కూడా నెమ్మదిగానే అన్నాడు. మనుషులు కాస్త కదిలారు. రేపటి వంటకు కట్టెలు చాలతాయా అని ఎవరో అడిగారు, బ్రాహ్మడు ఎన్ని గంటలకు వస్తాడని ఇంకొకరు అడిగారు. ఏదో ఒకటి మాట్లాడకపోతే అక్కడ కూర్చోవడం కష్టంగా ఉంది మరి. పొద్దున్నుంచి ఎవరూ ఏమీ తాగలేదని జ్యోతిలక్ష్మి అంది. అంటూ లేవబోతే, నేను పెడతాలే అని గౌతమి వంటింట్లోకి పోయింది. అక్కడ నిలబడటానికైనా ఒక పని దొరికింది.

కాఫీ గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని వచ్చి అందరికీ ఇచ్చింది. లక్ష్మన్నకు, చిన్నప్పకు, రామక్కకు, నాయనకు, అత్తకు ఇచ్చింది. చక్కెర వేయడం మరిచిపోయింది. తాగినవాళ్లందరికీ తెలిసింది, ఒక్కరూ పైకి అనలేదు. చివర్న లోపలికి పోయి, మగ్గం పక్కన పెద్దమ్మను పట్టుకుని కూర్చున్న మారుతి ముందు నిలబడింది. అతను గ్లాసు తీసుకుని తలవంచుకునే కాఫీ అంతా తాగాడు.

ఖాళీ గ్లాసు తిరిగి ఇచ్చేటప్పుడు అడుగున రెండు వేళ్లతో పట్టుకుని, తన వేలు ఆమె వేలికి తగలకుండా ఎంతో జాగ్రత్తగా ఇచ్చాడు. చెల్లెలికి గ్లాసు ఇచ్చే అన్నకు ఆ జాగ్రత్త అక్కర్లేదు. గౌతమికి అప్పుడు ఏడుపు వచ్చింది.